వెలుగు తగ్గింది సరే, ఎందుకు తగ్గినట్టు?
కార్బన్ డాట్స్ వచ్చాక మాత్రలో మందెంతుందో చూడ్డానికి ఇక హెచ్‌పీఎల్‌సీతో (ద్రావణాన్ని కాలమ్ అనే గొట్టం గుండా పంపి అందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రంతో) పనిలేదన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. సిట్రిక్ యాసిడ్ లాంటి చవక సరుకుతో చేసిన అతి సూక్ష్మమైన కార్బన్ రేణువులే ఈ డాట్స్; కాంతి వేస్తే నీలంగా వెలుగుతాయి, మందు కలిపితే ఆ వెలుగు తగ్గుతుంది, ఎంత తగ్గిందో చూసి లెక్క కడతారు. బాగుంది. కానీ ఎందుకు తగ్గిందన్నదే అసలు ప్రశ్న. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌నే తీసుకోండి. 350–370 నానోమీటర్ల దగ్గర కాంతిని ఆ మందే పీల్చుకుంటుంది. డాట్స్‌ని వెలిగించడానికి మనం వేసే కాంతీ ఇంచుమించు అదే. అంటే రేణువుని తాకకుండానే దాని నోటికాడ కూడు లాగేసుకుంటుందన్నమాట. ఈ మందులో ఉండే మలినం 6-ఎపిడాక్సీసైక్లిన్ కూడా అక్కడే పీలుస్తుంది, కాబట్టి అదీ మందు ఖాతాలోకే వస్తుంది. హెచ్‌పీఎల్‌సీలో అయితే కాలమ్ దేనికది విడదీస్తుంది. పదకొండేళ్లు క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే) ల్యాబ్‌లో చేశాను, స్టెబిలిటీ శాంపిల్స్‌లో, అంటే నిల్వలో మందు ఎంత పాడైందో చూసే నమూనాల్లో, మాకు కావల్సింది ఆ విడదీయడమే. పైగా 100 మిల్లీగ్రాముల మాత్రకి అతి కొద్ది మోతాదుని కూడా పట్టే అంత సున్నితమైన పద్ధతి దేనికండీ? వేల రెట్లు పలచన చెయ్యాలి, చేసిన ప్రతిసారీ పిపెట్ దగ్గర కొంత తప్పు దొర్లుతుంది. పారాసిటమాల్ మాత్రలకి పరిమితి లేబుల్ మీద రాసినదాంట్లో 95–105 శాతం, అక్కడ ఒక శాతం తేడా వచ్చినా మాకు నిద్రుండదు. పాలల్లోనో చెరువు నీళ్లల్లోనో యాంటీబయాటిక్ అవశేషాలు పట్టడానికైతే ఇది భేషైన పద్ధతి. హెచ్‌పీఎల్‌సీలో వాడే అసిటోనైట్రైల్ అనే ద్రావకం ఖర్చు తప్పుతుందన్నది మాత్రం ఒప్పుకుంటాను, ఆ బిల్లు వచ్చిన రోజు మా మేనేజర్ గారి మొహం చూడలేకపోయేవాళ్లం.