అరబిక్ రాకుండా అరబిక్‌కు సిద్ధం కావడం ఎలా?

స్కాలర్‌షిప్ మీద విదేశానికి వెళ్లి అరబిక్ చదవాలనుకునేవాళ్లలో ఈమధ్య ఒక చెడు అలవాటు కనిపిస్తోంది. వెళ్లేముందే కాస్త అరబిక్ నేర్చుకుందామని చూస్తున్నారు. వ్యవస్థ మీద నమ్మకం లేకపోవడం అంటే ఇదే. ఎంపిక కమిటీ ఇచ్చిన జాబితా నిదానంగా చదవండి. పాస్‌పోర్టు అడిగారు, మార్కుల జాబితాలు అడిగారు, ఛాతీ ఎక్స్‌రే అడిగారు, పోలీసు ధ్రువపత్రం అడిగారు. అరబిక్ అడిగారా? అడగనిది పట్టుకెళ్లడం మర్యాద కాదు.

కాబట్టి అసలు సన్నాహం కాగితాలతోనే మొదలవ్వాలి. డిగ్రీ పట్టా మీద ముందు ఇచ్చిన సంస్థ ముద్ర, దాని పక్కన విద్యాశాఖ ముద్ర, ఆ ముద్ర నిజమైనదేనని విదేశాంగ శాఖ ముద్ర, ఆ శాఖ నిజమైనదేనని రాయబార కార్యాలయం ముద్ర. కొన్ని దేశాలకైతే అపోస్టిల్ అని ఒకే ధ్రువీకరణతో సరిపెడతారు. అలాంటిచోట విద్యార్థికి తగినంత శిక్షణ దొరకదని నా అభిప్రాయం. మూడు చెరువుల నీళ్లు తాగినవాడికే రేపు నివాస అనుమతి కోసం, ఆగిపోయిన నెల భత్యం కోసం తిరిగే ఓపిక ఉంటుంది. మెడికల్ రిపోర్టుకు కొన్ని నెలలే గడువు, ఫలితాల ప్రకటనకు గడువే లేదు. అందుకే అదే ఛాతీని మళ్లీ ఫొటో తీయించాల్సి వస్తుంది. (రెండో ఎక్స్‌రేలో కూడా టెన్షన్ కనిపించదు. అది యంత్రం లోపం.)

ఆ తర్వాత ధ్రువపత్రాలను అరబిక్‌లోకి అధికారికంగా అనువాదం చేయించాలి. అనువాదకుడు కాగితం మన చేతిలో పెట్టి, "ఒకసారి సరిచూసుకోండి" అంటాడు. ఏ భాష రాక నేర్చుకోవడానికి వెళ్తున్నామో ఆ భాషలో మన తప్పులు మనమే దిద్దుకోవాలన్నమాట. కంగారు పడకూడదు. కనుబొమలు కాస్త ముడిచి, కుడి నుంచి ఎడమకు వేలు జరుపుతూ, మూడో వరుస దగ్గర ఆగి తల ఊపాలి. వేలు ఎడమ నుంచి మొదలైందా, దొరికిపోయినట్టే. అరబిక్‌లో 'ప' లేదు కాబట్టి పద్మ బద్మ అయి ఉంటుంది, ప్రతాప్ బ్రతాబ్ అయి ఉంటాడు. హ్రస్వాచ్చులు మామూలుగా రాయరు కాబట్టి మిగతాది చదివేవాళ్ల దయ. పాస్‌పోర్టుకూ పట్టాకూ మధ్య ఒక్క ఇంగ్లిష్ అక్షరం తేడా వస్తే ఫైలు వెనక్కి పంపే అధికారులు బ్రతాబ్‌ను మాత్రం చిరునవ్వుతో ఆమోదిస్తారు.

ఇక 'నేను అరబిక్ ఎందుకు చదవాలనుకుంటున్నాను' అనే వ్యాసం. ఇందులో అరచేతిలో వైకుంఠం చూపించాలి. 1973 డిసెంబర్ 18న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ అరబిక్‌ను అధికార భాషగా స్వీకరించిందని మొదటి పేరాలోనే రాయాలి. కమిటీకి ఈ సంగతి తెలియదు. ఏటా ప్రతి దరఖాస్తులోనూ చదివి ఆశ్చర్యపోతూ ఉంటుంది. రెండో పేరాలో అబ్బాసీ ఖలీఫాల నాటి బాగ్దాద్, అక్కడ జరిగిన అనువాదాలు. మూడో పేరాలో రెండు నాగరికతల మధ్య వారధి కట్టాలి. వారధి లేని వ్యాసానికి స్కాలర్‌షిప్ వచ్చినట్టు నేనైతే వినలేదు. ఈ దరఖాస్తుల్లో కట్టిన వారధులన్నీ నిలబడి ఉంటే ఈపాటికి విమానం టికెట్ ఖర్చు కూడా తప్పేది. ఫీజు లేదు, టికెట్ వాళ్లే ఇస్తారు, నెలనెలా నాలుగు డబ్బులు చేతికొస్తాయి అన్న మాట మాత్రం పొరపాటున కూడా రాయకూడదు. అది నిజం.

ఇంత చెప్పినా కొందరు మొండిగా భాష జోలికి వెళ్తారు. 28 అక్షరాలే కదా, ఎంతసేపు అనుకుంటారు. వాటిలో చాలావాటికి పదం మొదట్లో ఒక రూపం, మధ్యలో ఒకటి, చివర ఒకటి, ఒంటరిగా ఉంటే ఇంకొకటి. గుణింతాలూ వత్తులూ దాటి వచ్చినవాళ్లకు ఇదొక లెక్కా అనుకోవచ్చు, ఐన్ అనే అక్షరం వచ్చేదాకా. గొంతు లోపలెక్కడో పుట్టే ఆ శబ్దాన్ని అద్దం ముందు సాధన చేస్తుంటే ఇంట్లోవాళ్లు వేడినీళ్లు తెచ్చిస్తారు. తర్వాత అంకెలు. 3 నుంచి 10 వరకు పుంలింగ పదానికి స్త్రీలింగ సంఖ్య, స్త్రీలింగ పదానికి పుంలింగ సంఖ్య. ఆ పది దాకా వస్తువులు బహువచనంలో ఉంటాయి, 11 నుంచి మళ్లీ ఏకవచనం. మనుషులు కానివి ఎన్ని ఉన్నా వ్యాకరణం దృష్టిలో ఒక్క ఆడమనిషి. ("ఆమె వచ్చింది", "బస్సు వచ్చింది" అని ఒకే క్రియతో కానిచ్చేసే మనం దీనికి పెద్దగా అభ్యంతరం చెప్పలేం.) నిఘంటువు తీద్దామంటే, చాలావాటిలో మాటలు ధాతువుల వారీగా ఉంటాయి. మాట దొరకాలంటే ధాతువు తెలియాలి, ధాతువు తెలియాలంటే వ్యాకరణం రావాలి. వ్యాకరణం వస్తే నిఘంటువుతో అంత పని ఉండదు.

ఈ వ్యాకరణాన్ని ఎనిమిదో శతాబ్దంలో తొలి మహాగ్రంథంగా కూర్చిన సీబవైహి పర్షియన్. బస్రాలో చదువుకున్నాడు. దరఖాస్తులు నింపే పని లేదు కాబట్టి అంత తీరిక దొరికి ఉంటుంది.

అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యవేత్తలకు అరబిక్ నేర్పడానికి 88 వారాలు, 2200 తరగతి గంటలు పడుతుందని లెక్కగట్టింది. తొమ్మిది నెలల స్కాలర్‌షిప్‌లో అందులో సగం కూడా నిండవు. పైగా యూనివర్సిటీల్లో ముఖ్యంగా నేర్పేది ఫుస్‌హా, అంటే వార్తల్లో, పుస్తకాల్లో ఉండే అరబిక్. కైరోలో టాక్సీ ఎక్కి ఆ భాషలో అడ్రసు చెబితే, డ్రైవర్ వార్తలు విన్నంత శ్రద్ధగా విని తన యాసలో జవాబిస్తాడు. అక్కడ 'జ' పలకాల్సిన జీమ్ అక్షరం 'గ' అవుతుంది, ఖాఫ్ అనే అక్షరం గొంతులోనే ఆగిపోతుంది. గల్ఫ్‌కు వెళ్తే ఆ ఖాఫే 'గ' అయి తేలుతుంది. మొరాకో యాస తూర్పు అరబ్బులకే సరిగా అందదు కాబట్టి అక్కడ విదేశీయుడు ఒంటరివాడు కాడు, అదొక్కటే ఊరట.

అయినా నేర్చుకునే వెళ్తామంటే వెళ్లండి. దిగగానే స్థాయి పరీక్ష ఉంటుంది. ఖాళీ కాగితం ఇచ్చినవాణ్ని మొదటి తరగతిలో కూర్చోబెట్టి అలిఫ్ నుంచి మొదలుపెడతారు. వాడు అందరితోపాటు నేర్చుకుని మంచి మార్కులు తెచ్చుకుంటాడు. రాత్రిళ్లు మేలుకుని అక్షరాలూ క్రియారూపాలూ బట్టీ పట్టి వెళ్లినవాణ్ని రెండో తరగతిలో వేస్తారు. అక్కడ అందరూ వాడికంటే నాలుగాకులు ఎక్కువే చదివి ఉంటారు. మార్కులొచ్చిన రోజు ఫోన్ చేస్తే ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: "ముందే నేర్చుకుని వెళ్లావు కదరా, అదేంటి మరి?"