దశమభాగం ఇచ్చాం సరే, నామినీ ఎవరు?

పోయినసారి అమెరికా నుంచి గుంటూరు వెళ్ళినప్పుడు పిన్ని ఒక గుడ్డ సంచి తెచ్చి మంచం మీద బోర్లించింది. పాస్‌బుక్కులు, ఎఫ్‌డీ రసీదులు, ఇన్సూరెన్స్ బాండు, బంగారం తాకట్టు పెట్టిన కాయితం, అడుగున రబ్బరుబ్యాండ్ వేసిన మూడు ప్రామిసరీ నోట్లు. బాబాయి పోయి అప్పటికి నాలుగు నెలలు. "నాన్నా, వీటిల్లో ఏది ఏంటో చూసి చెప్పరా, మీ బాబాయి నాకెప్పుడూ చెప్పలా" అంది. ఎప్పుడో వేసి రెన్యూ చేసుకుంటూ వచ్చిన ఒక ఎఫ్‌డీలో నామినీగా మా నానమ్మ పేరుంది, ఆవిడ పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

బాబాయి మంచోడు కాదని చెప్పటానికి ఇది రాయట్లేదు. జీతం చేతికి రాగానే మొదట దశమభాగం, అంటే పదో వంతు, దేవుడికని కవర్లో పెట్టేవాడు, చర్చి ప్రహరీ గోడ కడుతున్నారంటే పీఎఫ్‌లోంచి తీసి మరీ ఇచ్చాడు. రేపటి సంగతేంటి అంటే దేవుడే చూసుకుంటాడు అనేవాడు, మనస్ఫూర్తిగా నమ్మే అనేవాడు. కానీ ఆయన పోయాక ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగింది పిన్ని, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుల వాళ్ళు గుమ్మంలోకొచ్చి నిలబడితే సమాధానం చెప్పుకుంది పిన్ని. అందుకే ఇంట్లోవాళ్ళ కోసం ముందే లెక్క రాసిపెట్టుకోవటం కూడా విశ్వాసంలో భాగమేనని నేను గట్టిగా అంటున్నా.

రేపటిని గూర్చి చింతింపకుడి అన్న యేసు ప్రభువు మాట మనకి చిన్నప్పటినుంచీ కంఠస్థం. అయితే బైబిల్లో లూకా 14లో గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది కూడా అదే ప్రభువు గదా. దిగులు వేరు, లెక్క వేరు. లూకా 12లో ధాన్యం కొట్లు పడగొట్టి పెద్దవి కట్టిస్తానని, దేవుడి చేత వెర్రివాడా అనిపించుకున్న ధనవంతుడి కథ గుంటూరోళ్ళకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు, ఊరు చుట్టూ కోల్డ్ స్టోరేజీలే, రేటు వస్తుందని మిర్చి టిక్కీలు అందులో పెట్టి ఎదురుచూసే రైతులు మన చర్చి బెంచీల మీదే కూర్చుంటారు. వాళ్ళని దేవుడు వెర్రివాళ్ళంటాడా? ఐగుప్తులో యోసేపు కూడా పంట బాగా పండిన ఏడేళ్ళు ఐదో వంతు తీసి దాచాడు, ఆ ధాన్యంతోనే కరువులో అందరూ బతికారు. ఆ ధనవంతుడి మాటల్లో మాత్రం నా పంట, నా కొట్లు, నా ప్రాణమా అనటమే తప్ప ఇంకో మనిషి ఊసే లేదు. ఎంత దాచావన్నదానికంటే ఎవరి కోసం దాచావన్నదే నాకు ముఖ్యంగా కనబడుతుంది.

మన ఊరి చరిత్రే చూడండి. డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చింది 1883లో, ఆవిడ ఆస్పత్రి తెరిచింది 1898లో. మధ్యలో పదిహేనేళ్ళు. ఆవిడని పంపింది అమెరికాలో లూథరన్ స్త్రీల సంఘం. ప్రార్థన చేస్తూనే అన్నేళ్ళు ఓపిగ్గా పని చేసుకుంటూ పోయారు, ఆ ఆస్పత్రిలో పుట్టినవాళ్ళం మనలో ఎంతమందిమో. ఇప్పుడు మనం అదే అమెరికా నుంచి ఊరికి డబ్బు పంపిస్తున్నాం, కొత్త చర్చికి స్లాబ్ వేస్తున్నారంటే వెంటనే పంపుతాం, మంచిదే, నేనూ పంపుతా. కానీ అమ్మానాన్నలకి హెల్త్ ఇన్సూరెన్స్ ఉందా అని మనలో ఎంతమందిమి అడిగాం? దేవునికి అర్పించేశాం అని చెప్పి తల్లిదండ్రులకి చేయాల్సింది ఎగ్గొట్టేవాళ్ళతో ప్రభువు మార్కు 7లో ఎంత కటువుగా మాట్లాడాడో ఒకసారి చదవండి. ఇంత కానుక విత్తితే నూరంతలు వస్తుంది అని టీవీలో చెప్పే ప్రసంగాలు విని మందుల డబ్బులు ఆ ప్రసంగీకులకి పంపేసే పెద్దవాళ్ళని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తెలీదు. ఇండియాలో క్రైస్తవుల ఆస్తి పంపకానికి 1925 నాటి ఇండియన్ సక్సెషన్ యాక్ట్ వర్తిస్తుంది. వీలునామా లేకుండా భర్త పోతే భార్యకి మూడో వంతు, పిల్లలకి మిగతా రెండు వంతులు. పెళ్ళికి ముందు రాసిన వీలునామా పెళ్ళితో రద్దయిపోతుంది, మళ్ళీ రాసుకోవాల్సిందే. వీలునామా రాయటమంటే చావుని పిలవటం అన్నట్టు చూస్తారు మనోళ్ళు, కావాల్సిందల్లా ఒక కాయితం, సంతకం, ఇద్దరు సాక్షులు.

నేను తిరిగొచ్చే ముందు ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మ పాస్టరు అయ్యగారిని అడిగి స్త్రీల సమాజంలో నన్ను పది నిమిషాలు మాట్లాడమంది. పిడికెడు బియ్యం డబ్బాలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు అందరూ. అన్నం వండేముందు రోజూ ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేసే ఆడవాళ్ళు వాళ్ళు, దాచటం ఎలాగో వాళ్ళకి నేనేం నేర్పుతా. మీ పాస్‌బుక్‌లో నామినీ ఎవరో మీకు తెలుసా అని మాత్రం అడిగా. కాసేపు ఎవరూ మాట్లాడలా. తర్వాత వెనక వరసలోంచి పిన్ని లేచి, "వచ్చే ఆదివారం బైబిలుతో పాటు పాస్‌బుక్కులు కూడా తెచ్చుకోండమ్మా, చదువుకున్న పిల్లల్ని కూర్చోబెట్టి చూపిద్దాం" అంది.