పావుగంట అంటే ఎంత దూరం?

రెండు నెలల కిందట ఒక స్థలాల బ్రోకర్ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో, అందులో ఏమేం రాయాలో కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఈలోగా మనసు కాస్త కుదుటపడుతుందని ఖగోళశాస్త్రం చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ ఆయన తప్పేమీ లేదని తేలిపోయింది. కాబట్టి ఆ ఫిర్యాదును బేషరతుగా వెనక్కి తీసుకుంటున్నాను. కారణాలు మనవి చేసుకుంటాను.

జరిగింది ఇది. హైదరాబాద్ శివార్లలో ఒక వెంచర్. బ్రోచర్ మీద "రింగ్ రోడ్డు నుంచి పావుగంట" అని ఉంది. ఆదివారం భోజనాలయ్యాక నేనూ మా బావమరిదీ బ్రోకర్ కారెక్కాం. రింగ్ రోడ్డు దిగగానే మా బావమరిది ఫోన్‌లో టైమ్ పెట్టాడు. రెండు చెరువులు, ఒక రైల్వే గేటు, ఒక ఊరి సంత దాటి చేరేసరికి గంటా యాభై నిమిషాలు. "పావుగంటన్నారు కదండీ?" అని అడిగితే, "రోడ్డు పడితే పావుగంటే సార్" అన్నాడు.

దూరాన్ని కిలోమీటర్లలో చెప్పకుండా నిమిషాల్లో చెప్పడం మోసమని అప్పట్లో నా అభిప్రాయం. తీరా చూస్తే ఖగోళ శాస్త్రవేత్తలు తరతరాలుగా చేస్తున్న పని అదే. చంద్రుడు ఎంత దూరమయ్యా అంటే సెకనుంబావు. సూర్యుడు 8 నిమిషాల 20 సెకన్లు. నెప్ట్యూన్ అయితే 4 గంటల పైచిలుకు. ఏ బండి మీద అని మాత్రం అడగాలి. వెలుగు బండి మీద! సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు, దారిలో రైల్వే గేటు ఉండదు. మన బండ్ల సంగతి వేరు. వాయేజర్ 1 అనే నౌక 1977 సెప్టెంబరు 5న బయల్దేరింది. గంటకు దాదాపు 61 వేల కిలోమీటర్ల చొప్పున అప్పట్నుంచీ పరుగెడుతూనే ఉంది. దాదాపు యాభై ఏళ్లు పరుగెత్తితే, వెలుగు ఒక్క రోజులో వెళ్లే దూరం దగ్గరికి చేరింది. "ఎంతండీ, ఒక్క రోజు ప్రయాణం" అని దానికీ ఎవరో చెప్పే ఉంటారు.

మా బ్రోకర్ నిజంగానే వెలుగు లెక్కలో మాట్లాడి ఉంటే, పావుగంట అంటే 27 కోట్ల కిలోమీటర్లు. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్లలోనే ఉన్నాడు. అంటే ఆయన నన్ను సూర్యుణ్ణి దాటించి, ఇంకో 12 కోట్ల కిలోమీటర్లు తీసుకెళ్లొచ్చు. యాభై కిలోమీటర్లతో వదిలిపెట్టాడు. దయగల మనిషి.

రెండో అభియోగం, వెంచర్‌లో ఏమీ లేదన్నది. చుట్టూ కనుచూపు మేర ఖాళీ. "ఓపెన్ స్పేస్ ఎక్కువ సార్" అన్నాడు. నేను వెటకారమనుకున్నాను. ఇంటికొచ్చి లెక్క వేశాను. గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడికాయ అడ్డంగా 30 సెంటీమీటర్లుందనుకుందాం, అదే సూర్యుడు. ఆ లెక్కన భూమి కాస్త ఎదిగిన ఆవగింజ. దాన్ని గుమ్మానికి 32 మీటర్ల దూరంలో, అంటే ఎదురింటి వాళ్ల మేడ మీద పెట్టాలి. గురుడు నిమ్మకాయంత, వీధి చివర 170 మీటర్ల దగ్గర. నెప్ట్యూన్ ఒక బఠాణీ, ఇంచుమించు కిలోమీటరు అవతల. మధ్యలో ఇంకో నాలుగైదు గింజలు, కాస్త ఇసుక. సౌరకుటుంబమంటే అంతే. ఇక పక్కింటి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ ఎక్కడా అంటే, 8,600 కిలోమీటర్ల దూరంలో. లండన్ వెళ్లాక ఇంకా ముందుకు పోవాలి. అసలు దూరం 4.2 కాంతి సంవత్సరాలు, అంటే వెలుగు బండి మీద నాలుగేళ్ల పైచిలుకు. ఇంత ఓపెన్ స్పేస్ ఇచ్చిన లేఅవుట్ మన దగ్గర ఏ అథారిటీ చేతా అప్రూవల్ పొందలేదు.

శివారు అని ముఖం చిట్లించినందుకు కూడా సిగ్గుపడుతున్నాను. మన పాలపుంత వెడల్పు సుమారు లక్ష కాంతి సంవత్సరాలు. అందులో తక్కువలో తక్కువ 10 వేల కోట్ల నక్షత్రాలు. ఆ సిటీ సెంటర్‌కి సూర్యుడు 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాడు. బంజారాహిల్స్ వాళ్ల అడ్రసు కూడా, ఆ మాటకొస్తే, శివారే.

తూర్పు ఫేసింగ్ ప్లాటుకి గజానికి వెయ్యి ఎక్కువ అడిగాడని గొడవపడ్డాను. తూర్పున సూర్యుడు పొడిచే చోట ఉన్నాం, ఇవ్వాల్సిందే. శుక్రుడి మీద సూర్యుడు పడమటే పొడుస్తాడు, గ్రహం వెనక్కి తిరుగుతుంది కాబట్టి. అదీ 117 రోజులకోసారి. అక్కడ వాస్తు సిద్ధాంతిని పిలిస్తే ఆయన సీసం కరిగే ఎండలో నిలబడి పడమరకి రేటు పెంచాలి. యురేనస్ ఏకంగా పక్కకి పడుకుని దొర్లుతూ ఉంటుంది. దాని ధ్రువం దగ్గర ఇల్లు కట్టుకుంటే 42 ఏళ్లు పగలు, 42 ఏళ్లు రాత్రి. గృహప్రవేశానికి తెల్లవారుజాము ముహూర్తం తప్పిపోతే మళ్లీ మన మనవలే చెయ్యాలి.

అప్రూవల్ గ్యారంటీయేనా అని కూడా నిలదీశాను. పాపం, ప్లూటో గతి నాకు అప్పటికి తట్టలేదు. 1930లో గ్రహమని రికార్డుల్లోకెక్కించి, 2006 ఆగస్టులో ప్రాగ్‌లో సమావేశం పెట్టి కొట్టేశారు. తన దారిలో ఉన్న అడ్డాలను తొలగించుకోలేదట. మనూళ్లో ఆక్రమణలు తొలగించుకోనివాళ్లు కార్పొరేటర్లవుతున్నారు. పైగా ప్లూటోకి ఒక ఏడాదంటే మన 248 ఏళ్లు. అంటే కొట్టేసేనాటికి దాని క్యాలెండర్లో ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు కూడా కాలేదు.

బ్రోచర్ మీద క్లబ్‌హౌస్, ఈతకొలను, పచ్చిక మీద ఆడుకునే పిల్లలు ఉన్నారు. అక్కడ ఉన్నది తుమ్మచెట్టు. అట్ట చివర చిన్న అక్షరాల్లో "చిత్రకారుడి ఊహ" అని ఉంది. ఇదీ నేరమేననుకున్నాను. 2016లో ప్రాక్సిమా చుట్టూ ఒక గ్రహం ఉందని కనిపెట్టారు. ఎర్రటి ఆకాశం, కొండలు, మబ్బులతో దాని బొమ్మలు లోకమంతా తిరిగాయి. దాన్ని కళ్లారా చూసినవాడు ఒక్కడూ లేడు. నక్షత్రం కాస్త అటూ ఇటూ ఊగితే, ఆ ఊపుని బట్టి గ్రహముందని తేల్చారు. బొమ్మ కింద అదే మాట, చిన్న అక్షరాల్లో.

ఆకాశం చూపించే నిజం ఫోటోలైనా కొత్తవి కావు. పెళ్లిలో అరుంధతిని చూపిస్తారు కదా, మా పెళ్లిలో మధ్యాహ్నం పన్నెండున్నరకి చూపించారు. కనిపించిందా అంటే కనిపించిందనే అన్నాం, భోజనాలు ఆలస్యమవుతున్నాయి. రాత్రి చూసినా మనకందే వెలుగు సుమారు 80 ఏళ్ల కిందట బయల్దేరింది. మన పాలపుంతకి పొరుగున ఉన్న ఆండ్రోమెడా పుంత నుంచి వచ్చేదైతే 25 లక్షల ఏళ్ల నాటిది. పెళ్లిసంబంధాలకి డిగ్రీ నాటి ఫోటో పంపించేవాళ్లని ఇక ఏమనగలం? బ్రోకర్ ఎప్పుడో రాబోయేది చూపిస్తాడు, ఆకాశం ఎప్పుడో అయిపోయింది చూపిస్తుంది. ఇవాళ అక్కడ ఏముందో ఇద్దరూ చెప్పరు.

మరి పావుగంట గంటా యాభై ఎలా అయిందంటారా? దీనికి సమాధానం విశ్వమే చెబుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. మనకి కనిపించే అంచు మాత్రం ఇవాళ 4,600 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. వెలుగు నడుస్తుండగానే దారి సాగిపోయింది మరి. బ్రోచర్ అచ్చువేసిన నాటికి పావుగంటే అయి ఉంటుంది. మేం వెళ్లేలోపు సాగింది.

చివరి అభియోగం, లింకు డాక్యుమెంట్లు. పాతవి లేవన్నాడు. విశ్వానికి మాత్రం ఉన్నాయా? పుట్టిన 3.8 లక్షల ఏళ్లకి ముందు అంతా వెలుగు చొరబడని మంట, అక్కడి నుంచి ఒక్క కిరణం కూడా మన దాకా రాలేదు. అన్నిటికంటే పాత దస్తావేజు ఆ తర్వాత వెలువడిన వెలుగే. దాన్ని పట్టుకున్న తీరు మన రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో పాత ఫైళ్లు దొరికినట్టే ఉంటుంది. 1964లో న్యూజెర్సీలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరికి పెద్ద యాంటెనాలో ఎటు తిప్పినా ఒకటే గరగర. చూస్తే లోపల పావురాల గూడు. పావురాల్ని వెళ్లగొట్టి, రెట్టలన్నీ శుభ్రంగా కడిగారు. గరగర పోలేదు. అది విశ్వం బాల్యం నుంచి వస్తున్న వెలుగు తాలూకు మిగులు అని తర్వాత తేలింది. 1978లో నోబెల్ ఇచ్చారు. ఆస్తి వివరాలు మాత్రం ఇప్పటికీ అంతంతే. నక్షత్రాలు, గ్రహాలు, మనం, మన ప్లాట్లు అన్నీ కలిపి 5 శాతం. మిగతా 95 శాతం కృష్ణ పదార్థం, కృష్ణ శక్తి అని రాసుకున్నారు, అవేమిటో ఇంకా ఎవరికీ తెలీదు. అంటే బినామీ.

ఆ రోజు ప్లాటు దగ్గరే చీకటి పడిపోయింది. బ్రోకర్ ఫోన్ టార్చి వెలుతురులో 84 నంబరు రాయి వెతుకుతున్నాడు. మా బావమరిది తల పైకెత్తి, "బావా, ఎన్ని చుక్కలో చూడు" అన్నాడు. చూశాను. హైదరాబాదులో ఇరవై ఏళ్లుగా అన్ని చూడలేదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ మొదలుపెట్టిన మన నిజామియా అబ్జర్వేటరీ వాళ్లు కూడా బేగంపేట దీపాల్లో వేగలేక, 1968లో పెద్ద టెలిస్కోపుని ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్ దగ్గర పెట్టుకున్నారు. మేమిద్దరం అలా నోళ్లు తెరుచుకుని నిలబడిపోవడం చూసి బ్రోకర్‌కి టెన్షన్ పట్టుకుంది.

"కంగారు పడకండి సార్. వచ్చే నెల హైమాస్ట్ లైట్లు పెడుతున్నాం. ఇక ఇవేవీ కనపడవు."