దారప్పోగు బ్యాక్టీరియా గారికి నైట్‌షిఫ్టు లేఖ

మహారాజశ్రీ ఏరేషన్ ట్యాంకు (మురికినీళ్లకు గాలి పట్టించే తొట్టి) వాస్తవ్యులు దారప్పోగు బ్యాక్టీరియా గారికి,

కాగితం మిల్లు ఈటీపీ (మురికినీళ్లు శుద్ధిచేసే ప్లాంటు) నైట్‌షిఫ్టు వారు రాయునది. ఉభయకుశలోపరి.

తమరు వేంచేసిన సంగతి లీటరు సిలిండరే చెబుతుంది. అరగంటలో 250 గీత దగ్గరకు దిగాల్సిన బురద 900 దగ్గరే బైఠాయిస్తుంది. ఎంఎల్ఎస్ఎస్ (లీటరు ట్యాంకు నీళ్లలోని బురద, మిల్లీగ్రాముల్లో) 3000 అనుకుంటే ఎస్‌వీఐ (దిగాక గ్రాము బురద పట్టే చోటు, మిల్లీలీటర్లలో) 300. 150 దాటితేనే మాకు దడ! బురదే ఎక్కువైందేమోనన్న ఆశతో క్లారిఫైయరు (బురద దిగే తొట్టి) పైతేట సగానికి సగం కలిపి మళ్లీ పెడతాం. సగానికన్నా బాగా కిందికి దిగకుండా 430 దగ్గర ఆగిందంటే ఇక అనుమానం లేదు, తమరే. మైక్రోస్కోపు కింద చూస్తే బ్యాక్టీరియా ముద్దకూ ముద్దకూ మధ్య దండేలు కట్టేసుంటారు. ముద్దలు దగ్గరపడవు, బురద దిగదు, చివరికి క్లారిఫైయరు అంచు దాటి కాలవలో పడుతుంది.

తప్పు మీది కాదు లెండి, పిలిచింది మేమే. గుజ్జు కడిగిన నీళ్లలో బీఓడీ (బ్యాక్టీరియా తినే మురికి కొలత) దండిగా ఉంటుంది, నత్రజని, భాస్వరం మాత్రం నామమాత్రం. 100 కిలోల బీఓడీకి 5 కిలోల నత్రజని, కిలో భాస్వరం పడాలి. ఆ నత్రజని యూరియా లెక్కన సుమారు 11 కిలోలు. ఖర్చు తగ్గించమని పైనుంచి కబురొస్తే మొదటి కోత ఆ బస్తాలకే. రెండో కోత రాత్రిపూట ఏరేటర్లకు. డీఓ (లీటరు నీళ్లలో కరిగిన ఆక్సిజన్, మిల్లీగ్రాముల్లో) 0.4కి జారినా లాగ్‌బుక్కులో 2.0 తగ్గదు, ఆ పెన్నుకు కేలిబ్రేషన్ అక్కర్లేదు. ప్రైమరీ క్లారిఫైయరు అడుగు బురద లాగకుండా వదిలేస్తే కుళ్లిన గుడ్డు కంపు లేస్తుంది. ఆ సల్ఫైడు విందుకు తమ బంధువులు థయోత్రిక్స్ వారు కూడా దిగుతారు.

అప్పుడు పెద్దసారుకు క్లోరిన్ గుర్తొస్తుంది. తిరుగు బురద లైనులో (దిగిన బురదను ట్యాంకుకు తిప్పి పంపే పైపు), టన్ను జీవపదార్థానికి రోజుకు 2, 3 కిలోలతో మొదలెడితే ముద్దల బయటికి చాచిన మీ పోగులే ముందు కాలతాయి. ఓపిక పట్టక మోతాదు రెట్టింపు చేస్తే ముద్దలూ చస్తాయి, టీ రంగు నీళ్లు పాలు కలిపిన టీ అవుతాయి. (ఆ టీ రంగు లిగ్నిన్‌ది. దాన్ని మీరూ పెద్దగా ముట్టరు, మీ పగవాళ్లైన ముద్దల బ్యాక్టీరియా కూడా ముట్టరు.) ఆకలి, ఊపిరి సంగతి చూడకపోతే కొన్ని వారాల్లో మళ్లీ మీరే.

యూరియా ఇండెంటు ఇంకా సంతకానికే ఉంది. తమరు తొందరపడి ఖాళీ చేయనక్కర్లేదు.

ఇట్లు,
ఈటీపీ నైట్‌షిఫ్టు

తా.క.: విప్పిన మూడో ఏరేటరు గేర్‌బాక్సూ రాలేదు.