బీరువా తాళానికి ముప్పు

తిరుపతి కాలేజీ పిల్లల్లో ఈమధ్య ఒక దురలవాటు ప్రబలుతోంది. ల్యాబు సామాన్లు సొంతంగా తయారు చేసుకుంటున్నారు. చేసుకుంటే చేసుకున్నారు, వాటిని వాడుతున్నారు కూడా!

స్పెక్ట్రోమీటరు, అంటే కాంతిని రంగులుగా విడదీసి చూపే పరికరం, మర్యాద గల వస్తువు. బీరువాలో ఉంటుంది. బీరువాకు తాళం, తాళంచెవి సెలవులో ఉన్న అటెండరు దగ్గర. తనిఖీ రోజున బయటికొచ్చి, ఒళ్లు తుడిపించుకుని, మళ్లీ లోపలికెళ్తుంది. ముట్టుకున్నవాడు లేడు గనుక నేటికీ కొత్తదే.

అదే పరికరానికి ఈ పిల్లల సరంజామా చూడండి: చెప్పుల అట్టపెట్టె, పాత డీవీడీ, రెండు బ్లేడ్లు, నల్ల కాగితం. డీవీడీ అంచులో బ్లేడు దూరిస్తే రెండు పలకలుగా ఊడొస్తుంది. మెరుపు పూతను టేపుతో పీకేస్తే మిగిలే పారదర్శక పలక మీద 0.74 మైక్రాన్లకొక గాడి. కాంతిని రంగులుగా విడదీసే ఆ గాడుల పలకే వీళ్ల గ్రేటింగు. బ్లేడ్ల మధ్య రెండు ఏ4 కాగితాలు ఇరికించి, బ్లేడ్లను పెట్టె ఒక కొసన అతికించి, కాగితాలు లాగేస్తే సుమారు 0.2 మిల్లీమీటర్ల చీలిక. ఎదుటి కొసన డీవీడీ ముక్క. కన్ను అక్కడ ఆనించి సూటిగా కాదు, 45 డిగ్రీలు పక్కకు చూడాలి. పాత ట్యూబ్‌లైటు వైపు తిప్పితే అందులోని పాదరసం ఆవిరి వెలిగించే రంగు గీతలు: 436 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర నీలం, 546 దగ్గర ఆకుపచ్చ. (సూర్యుడి వైపు మాత్రం తిప్పకూడదు. కళ్లకు స్టాక్ రిజిస్టరు లేదు.)

అసలు ప్రమాదం ఇది చెడిపోవడంలో ఉంది. గాడులు చీలికకు సమాంతరంగా లేకపోతే గీతలు అలుక్కుపోతాయి. డీవీడీ లోపలి అంచు ముక్క వాడితే గాడుల వంపు ఎక్కువై అదే గతి, బయటి అంచే తీసుకోవాలి. చీలిక 2 మిల్లీమీటర్లయితే 577, 579 నానోమీటర్ల పసుపు గీతల జంట ఒకటైపోతుంది. పెట్టె మూలల సందుల్లోంచి వెలుతురు దూరితే అంతా తెల్లబోతుంది. ఇలా చెడినప్పుడల్లా ఎందుకు చెడిందో పిల్లలకు తెలిసిపోతోంది! మన ప్రాక్టికల్స్‌లో ఈ బెడద లేదు. సీనియర్ల రికార్డులో రీడింగులు ఏనాడూ తప్పవు.

1928 ఫిబ్రవరి 28న రామన్ గారు కలకత్తాలో తన కొత్త కాంతిని చేత్తో పట్టుకునే చిన్న స్పెక్ట్రోస్కోపులోనే చూశారట. ఇండెంటు పెట్టారో లేదో. ఆ రోజును మనం సైన్స్ దినోత్సవంగా ఏటా ఫ్లెక్సీ కట్టి జరుపుతాం, బీరువా జోలికి మాత్రం వెళ్లం.

కనుక అధికారులకు మనవి. చెప్పుల పెట్టెలను వెంటనే స్టాక్ రిజిస్టరులో ఎక్కించాలి. బ్లేడ్లకు మూడు కొటేషన్లు తప్పనిసరి చేయాలి. అట్టపెట్టెకు తాళంకప్ప ఎక్కడ బిగించాలో కూడా సెలవియ్యాలి.