ఫుడ్ ఫెస్టివల్ సరే, వంట పీరియడ్ ఏది?

హనుమకొండ ప్రైవేటు స్కూళ్లలో ఫుడ్ ఫెస్టివల్ అంటే సర్వపిండి, సకినాలు, మలీద ముద్దలు టేబుళ్ల నిండా పెడతారు, పిల్లలు ఫొటోలు దిగుతారు, తెల్లారగట్ల లేచి అవన్నీ చేసింది మాత్రం అమ్మలు. ఆ పిల్లల్లో గ్లాసు బియ్యానికి ఎసరు ఎంత పెట్టాలో ఎందరికి తెలుసు?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్ పోయినవాళ్లు డ్యూటీ దిగి రూముకొచ్చి వంతులేసుకుని వండుకుంటారు, చాలామంది అక్కడికి పోయాకే గరిటె పట్టారు. హనుమకొండలో రూములు తీసుకుని పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు కుక్కర్లో అన్నం, కర్రీ పాయింట్ నుంచి కవర్లో కూర, నెలల తరబడి అదే తిండి. అయినా ఇంట్లో వంట ఆడపిల్లకే నేర్పుతాం. పొద్దంతా బీడీలు చేసిన తల్లి మళ్లీ పొయ్యి ముందు కూర్చుంటే కొడుకు పక్కనే ఫోన్ చూసుకుంటుంటాడు, అది తప్పని ఇంట్లో ఎవరికీ అనిపించదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ మాత్రలు ఇస్తున్నారు, ఇవ్వాలి కూడా. కానీ విటమిన్ సి లోపిస్తే స్కర్వీ అని బట్టీ పట్టిన పిల్లకు, తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ ఒంటికి బాగా పడుతుందని, తిన్న వెంటనే చాయ్ తాగితే పట్టదని, ఆకుకూరను కోయకముందే కడగాలని, గంజి వంపేస్తే బి విటమిన్లు దాంతోపాటే పోతాయని ఎవరూ చెప్పలేదు.

సర్కారు బడిలో రోజూ వంట జరుగుతూనే ఉంది. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు తలా 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, ఆరు నుంచి ఎనిమిది వాళ్లకు 150, 30, 75 గ్రాములని లెక్క ఉంది. ఆ లెక్క పిల్లల చేతికే ఇవ్వండి, హాజరు చూసి పప్పెంత కావాలో గుణించి తూకం వేయనివ్వండి. పప్పు నీళ్లలా వచ్చిన రోజు ఎందుకని అడగడం కూడా వాళ్లకు వస్తుంది. వంట మనుషులు తక్కువున్నారని పిల్లల్ని వంటశాలలోకి తోలితే మాత్రం అది చాకిరీ, దానికి నేను ఒప్పుకోను.

బడిలో వంట నేర్పితే మంటతో ప్రమాదం కదా అంటారు. పచ్చిపులుసుకు, మొలకలకు పొయ్యే అక్కర్లేదు, ఆరో తరగతిలో వాటితో మొదలుపెట్టి ఎనిమిదికి టీచర్ పక్కనుండగా పొయ్యి ముట్టించవచ్చు. జపాన్‌లో ఐదో తరగతి నుంచే ఆడామగా అందరికీ వంట పాఠం ఉంది. మన జాతీయ విద్యా విధానం 2020 కూడా ఆరు నుంచి ఎనిమిది వరకు పుస్తకాల సంచి లేకుండా పది రోజులు చేతిపనులు నేర్పమంది, ముందు ఆ రోజులన్నా వంటకు వాడుకోవచ్చు.

చదువుకోమని పంపితే వంట నేర్పుతారా అని తల్లిదండ్రులు గొడవ పెడతారు, ముఖ్యంగా కొడుకుల విషయంలో. పెట్టనివ్వండి. ఎనిమిదో తరగతి దాటేసరికి అన్నం, పప్పు, ఒక ఆకుకూర, జొన్న రొట్టె చేయడం రావాలి, ఆ ప్రాక్టికల్ మార్కులు అబ్బాయిల ప్రోగ్రెస్ కార్డులోనూ పడాలి.