స్కోలిన్ ఇచ్చే ముందు అడగాల్సిన ప్రశ్న

పురుగుమందు తాగిన కేసుల్లో చేసే సీరం కోలినెస్టరేజ్ పరీక్ష నెల్లూరు, ఒంగోలు ఆస్పత్రులకు కొత్త కాదు. ఆ పరీక్షలో కొలిచే కోలినెస్టరేజ్ ఎంజైమ్ కొందరిలో పుట్టుకతోనే ఉండదు. ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావారి కంటే చాలా ఎక్కువ. మామూలు జీవితంలో ఏ ఇబ్బందీ పెట్టదు కాబట్టి ఆపరేషన్ బల్ల ఎక్కేదాకా బయటపడదు. శ్వాస గొట్టం వేయడానికి మత్తు డాక్టరు కండరాలను కాసేపు సడలించే స్కోలిన్ (సక్సినైల్‌కోలిన్) అనే మందును కిలో బరువుకు 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు ఇస్తారు. దాన్ని విరగ్గొట్టేది ఈ ఎంజైమే కాబట్టి ప్రభావం 5, 10 నిమిషాల్లో పోవాలి. ఎంజైమ్ లేనివారిలో గంటలు పడుతుంది. అంతసేపూ ఊపిరి వెంటిలేటర్ మీదే.

దీని జన్యువు బీసీహెచ్ఈ. ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లాల వరుసను బట్టి చిన్న డీఎన్ఏ ప్రోబులు (సరిపోయే వరుసకు అతుక్కునే ముక్కలు) తయారుచేసి, సీడీఎన్ఏ లైబ్రరీలు (కణంలోని ఆర్ఎన్ఏ నుంచి చేసిన డీఎన్ఏ ముక్కల సేకరణలు) గాలించి 1987లో క్లోన్ చేశారు. ఏ క్రోమోజోమ్ మీద ఉందన్న చిరునామా విషయంలోనే తడబాటు జరిగింది. ఈ లోపం ట్రాన్స్‌ఫెరిన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్) రకాలతో జతగా సంక్రమిస్తోందని 1960ల్లోనే గమనించారు. ట్రాన్స్‌ఫెరిన్ జన్యువు ఉన్నది 3వ క్రోమోజోమ్ మీద. అయితే క్రోమోజోములపై నేరుగా ప్రోబు అతికించి చూసినప్పుడు 16వ దానిమీద కూడా సంకేతం వచ్చింది. పోలిక ఉన్న వరుసలకూ ప్రోబు అంటుకోగలదు కాబట్టి ఈ పద్ధతిలో ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. 1991లో 3క్యూ26 (3వ క్రోమోజోమ్ పొడవు చేయి మీది చోటు) ఒక్కటే దాని స్థానమని ఖాయమైంది. ఇది మన కుటుంబాలకు నేరుగా పనికొచ్చే సంగతి: రెండో జన్యువును వెతకాల్సిన పని లేదు. వైశ్యుల్లో కనిపించిన మార్పు, 307వ స్థానంలో ల్యూసీన్‌కు బదులు ప్రొలీన్, జన్యువులోని రెండో ఎక్సాన్ (ప్రొటీన్ తయారీ సమాచారం ఉన్న ముక్క) లోనే ఉంది. ఆ ముక్కను పీసీఆర్ (డీఎన్ఏ నకళ్లు తీసే పద్ధతి)తో పెంచి వరుస చదివితే చాలు.

డిబుకెయిన్ నంబరు (డిబుకెయిన్ అనే మందు ఎంజైమ్ పనిని ఎంత శాతం ఆపుతుందో చెప్పే అంకె) ఒక్కటే చూసి తీర్మానించకూడదు. మామూలువారిలో అది 80 దగ్గర, బాగా తెలిసిన మరో రకం లోపంలో 20 దగ్గర ఉంటుంది. ఈ మార్పులో ఎంజైమ్ పనే దాదాపు శూన్యం కనుక ఆ నంబరుకు అర్థం లేదు. ముందు ఎంజైమ్ స్థాయి చూడాలి. కాలేయ జబ్బు, గర్భం, పొలంలో మందు కొట్టడం కూడా దాన్ని తగ్గిస్తాయి.

గోత్రాలు వేరు కదా అన్న ధీమా ఇక్కడ పనిచేయదు. తరతరాలుగా ఒకే కులంలో పెళ్లిళ్లతో ఈ మార్పు గోత్రాలు దాటి పాకింది. అందుకే కేసు షీటులో ఒక ప్రశ్న తప్పనిసరి కావాలని మా అభిప్రాయం: ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి అందుకోవడం ఆలస్యమైందా? అవునంటే స్కోలిన్, ఇదే ఎంజైమ్ విరగ్గొట్టే మరో కండరాల సడలింపు మందు మైవాక్యూరియం రెండూ వద్దు. ఈ ఎంజైమ్‌తో పనిలేని సడలింపు మందు రోక్యురోనియం వాడుకోవచ్చు, సుగమాడెక్స్ అనే మందుతో దాని ప్రభావాన్ని తీసేయవచ్చు.

తెలియక స్కోలిన్ ఇచ్చేసి ఉంటే కండరాల బలం వచ్చేదాకా వెంటిలేటర్‌తో పాటు మత్తూ కొనసాగించాలి. కదల్లేకపోయినా మెలకువ రావచ్చు, అది భయంకరమైన అనుభవం. ప్లాస్మా ఎక్కించేట్లయితే రక్తనమూనా అంతకుముందే తీయాలి. దాత ఎంజైమ్ కలిస్తే ఫలితం తప్పుతుంది. లోపం తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లకూ పరీక్ష చేయించాలి. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ఒక్కొక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం.